వెలుగు కెమిస్ట్రీని ‘రెండు మార్కుల బిట్టు’గా వదిలేయొద్దు

శావల్యాపురం, వినుకొండ, నరసరావుపేట చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ కల్లం చూసినా మిర్చి ఆరుతూ కనిపిస్తుంది. కౌలు, మందులు, కోత కూలీ అన్నీ భరించి పండించిన పంటకు చివరి పరీక్ష అక్కడే. కాయలో తేమ పది, పదకొండు శాతానికి దిగాలి. దిగకపోతే బూజు పడుతుంది. అందుకే ఎండ కావాలి. అదే ఎండ రోజుల తరబడి నేరుగా తగిలితే ఎరుపు పలచబడుతుంది. రంగు తగ్గితే గుంటూరు యార్డులో రేటూ తగ్గుతుంది. ఎండ కావాలి, ఎండ వద్దు. ఈ రెండు మాటల మధ్య రైతు నలిగిపోతుంటాడు. ఆ మధ్యలో ఉన్నదంతా కెమిస్ట్రీయే.

ఆ కల్లాల పక్కనుంచే బస్సెక్కి కాలేజీకి వెళ్లే బీఎస్సీ విద్యార్థిని ‘ఫొటోకెమిస్ట్రీ అంటే ఏంటి బాబూ’ అని అడగండి. ‘సిలబస్ చివర్లో ఉంటుంది సార్, రెండు మార్కుల బిట్లు వస్తాయి’ అంటాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు. మనం ఆ పాఠాన్ని అలాగే చెప్పాం. పరీక్షలు నెత్తిమీదికొచ్చాక జబ్లోన్‌స్కీ బొమ్మ బోర్డు మీద గీసి, రెండు నిర్వచనాలు రాయించి, ‘ఇంపార్టెంట్’ అని గుర్తు పెట్టించి వదిలేస్తున్నాం. మన ప్రాంతపు కెమిస్ట్రీ విద్యార్థికి ఊరినీ, ల్యాబునీ, ఉద్యోగాన్నీ ఒకే తాడుకు కట్టగల అధ్యాయాల్లో ఇదొకటి. దాన్ని బిట్టు కింద వదిలేయడం వల్ల నష్టపోతున్నది ఆ విద్యార్థే.

వేడి చేయలేని పని

ముందు విషయం తేల్చుకుందాం. రియాక్షన్ జరగాలంటే శక్తి కావాలి. మనకు అలవాటైన దారి వేడి. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్ అణువులకు వేడి వల్ల అందే శక్తి సుమారు రెండున్నర కిలోజౌళ్లు. 450 నానోమీటర్ల నీలి వెలుగు ఫోటాన్లు ఒక మోల్ తీసుకుంటే వాటి శక్తి సుమారు 266 కిలోజౌళ్లు. అంటే వంద రెట్లు. వేడితో అంత శక్తి ఇవ్వాలంటే ఉష్ణోగ్రత దాదాపు 32 వేల డిగ్రీలు ఉండాలి. ఆ వేడికి ఏ పాత్రా మిగలదు, ఏ అణువూ మిగలదు. ఎల్ఈడీ బల్బు మాత్రం అదే పని చల్లగా, గది మధ్యలో చేసిపెడుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. వేడి పెడితే గిన్నెలో ఉన్నవన్నీ వేడెక్కుతాయి. వెలుగు అలా కాదు. ఏ అణువు ఆ రంగు వెలుగును పీల్చుకుంటుందో ఆ అణువే మారుతుంది. మిగతావి అలాగే ఉంటాయి. గ్రోథస్-డ్రేపర్ నియమం అని మీరు బట్టీ పట్టేది ఇదే: పీల్చుకోని వెలుగు పని చేయదు. ఇక స్టార్క్-ఐన్‌స్టీన్ నియమం ఒక లెక్క చెబుతుంది. మొదటి మెట్టులో ఒక ఫోటాన్‌కు ఒక అణువు. ఆ తర్వాత గొలుసు రియాక్షన్ మొదలైతే ఒక్క ఫోటాన్ వేల అణువులను మార్చగలదు. హైడ్రోజన్, క్లోరిన్ కలిపి ఉంచిన పాత్ర మీద వెలుగు పడితే పేలేది అందుకే. దాన్ని కొలిచే అంకె క్వాంటం ఈల్డ్.

మొదటి నియమం ఎంత పనికొస్తుందో మన నీళ్లే చెబుతాయి. పల్నాడులో ఫ్లోరైడ్ నీళ్ల బాధ కొత్తది కాదు. యూవీ ఫిల్టరు పెట్టుకుంటే ఫ్లోరైడ్ కూడా పోతుందనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 254 నానోమీటర్ల యూవీ వెలుగును సూక్ష్మజీవుల డీఎన్ఏ పీల్చుకుంటుంది, దెబ్బతింటుంది. ఫ్లోరైడ్ అయాన్ ఆ వెలుగును పీల్చుకోదు. కాబట్టి దానికేమీ కాదు. అందుకు వేరే పద్ధతి కావాలి. ఒక్క నియమం అర్థమైతే ఇంట్లో డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. రెండు మార్కుల బిట్టు విలువ అంత.

అమ్మకు తెలిసిందే, మనం రాయలేదంతే

ఈ సబ్జెక్టు మన ఇళ్లకు కొత్తేమీ కాదు. తెల్ల చొక్కా మీద పసుపు మరక పడితే అమ్మ ఉతికి ఎండలో ఆరేస్తుంది. సాయంత్రానికి మరక పలచబడుతుంది. పసుపులోని కర్‌క్యుమిన్ వెలుగుకు విరిగిపోయే పదార్థం. కొత్త పట్టుచీరను నీడపట్టున ఆరేయమంటారు. రంగు అణువులు వెలుగుకు తట్టుకోలేవు. వేప మందు సాయంత్రం పూట కొట్టమని వ్యవసాయ అధికారులు చెబుతారు. అందులోని అజాడిరాక్టిన్ ఎండలోని యూవీకి త్వరగా పాడైపోతుంది. మధ్యాహ్నం కొడితే డబ్బు ఎండపాలే.

మిర్చి సంగతికొద్దాం. దాని ఎరుపుకు కారణం క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ లాంటి కెరోటినాయిడ్లు. వీటిలో డబుల్ బాండ్లు ఒకటి విడిచి ఒకటి పొడుగ్గా వరసగా ఉంటాయి. అందుకే నీలం, ఆకుపచ్చ వెలుగును పీల్చుకుని ఎరుపును మన కంటికి వదులుతాయి. రంగునిచ్చే ఆ వరసే వాటి బలహీనత కూడా. వెలుగు, ఆక్సిజన్, వేడి మూడూ కలిస్తే ఆ వరస ఎక్కడో ఒకచోట తెగుతుంది. వరస తెగితే రంగు పోతుంది. కోల్డ్ స్టోరేజీలో టిక్కీలను చల్లగా, చీకటిగా ఉంచడంలో ఒక లాభం ఇదే. తాలు కాయలన్నిటికీ ఎండే కారణమని నేను అనడం లేదు. తెగులు, పక్వానికి రాకుండా కోయడం, వానకు తడవడం కూడా ఉన్నాయి. కానీ ఎంత నష్టం తేమ వల్ల, ఎంత వేడి వల్ల, ఎంత వెలుగు వల్ల అని విడదీసి చెప్పేవాడు రైతుకు కావాలి. ఆ పని కెమిస్ట్రీ చదివిన ఊరి పిల్లాడు చేయగలడు.

పరిష్కారం కూడా ఇదే పాఠంలో ఉంది. గాలిని వేరే పెట్టెలో ఎండతో వేడి చేసి, ఆ వేడి గాలిని చీకటి గదిలో ఉన్న కాయల మీదుగా పంపే సోలార్ డ్రయ్యర్లు ఉన్నాయి. ఎండలోని వేడిని వాడుకుంటాం, వెలుగును బయటే ఆపేస్తాం. కల్లంలో ‘ఎండ కావాలి, ఎండ వద్దు’ అనే చిక్కుకు జవాబు అది. స్టార్టప్ అంటే యాప్ ఒక్కటే అనుకునే మిత్రులు దీన్ని కాస్త ఆలోచించాలి.

ఉద్యోగం ఎక్కడుంది?

చదువుకునేవాళ్లకు అసలు ప్రశ్న ఇది. ‘ఫొటోకెమిస్ట్ కావలెను’ అని ప్రకటన మీకు దాదాపు కనిపించదు. ఆ పని వేరే పేర్లతో ఉంటుంది.

మొదటిది ఫార్మా. జీడిమెట్ల, పటాన్‌చెరు నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా మందుల కంపెనీలన్నిటికీ స్టెబిలిటీ విభాగం ఉంటుంది. కొత్త మందు వెలుగుకు తట్టుకుంటుందో లేదో చూపించాలి. దానికి ఐసీహెచ్ క్యూ1బి అనే అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. కనీసం 12 లక్షల లక్స్ గంటల వెలుగు, చదరపు మీటరుకు 200 వాట్ గంటల యూవీ మందు మీద పడాలి. పది వేల లక్స్ దీపం కింద పెడితే 12 లక్షలు పూర్తవడానికి 120 గంటలు, అంటే ఐదు రోజులు. పక్కనే అదే మందును అల్యూమినియం రేకు చుట్టి పెడతారు. రేకు చుట్టినది బాగుండి, చుట్టనిది పాడైతే తప్పు వెలుగుదే, వేడిది కాదు. గుండెజబ్బు, బీపీలకు వాడే నిఫెడిపిన్ వెలుగు తగిలితే వేరే పదార్థంగా మారిపోతుంది. కొన్ని మందులు ముదురు గోధుమరంగు సీసాల్లో ఎందుకొస్తాయో, సోడియం నైట్రోప్రుసైడ్ ఎక్కించేటప్పుడు సీసాకు రేకు ఎందుకు చుడతారో ఇప్పుడు చెప్పగలరా? క్యూసీ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే నిర్వచనం అప్పజెప్పేవాడికీ, కారణం చెప్పేవాడికీ తేడా వెంటనే తెలిసిపోతుంది.

రెండోది మసాలా దినుసుల పరీక్ష. ఇది మన గుమ్మంలోనే ఉంది. పల్నాడు జిల్లాలోని యడ్లపాడు మండలంలో స్పైసెస్ పార్కు ఉంది. గుంటూరులో స్పైసెస్ బోర్డు నాణ్యత పరీక్ష ల్యాబు ఉంది. ఎగుమతిదారులు అడిగే ‘ఆస్టా’ విలువ అంటే మిర్చి రంగు కొలత. పొడిని అసిటోన్‌లో నానబెట్టి, 16 గంటలు చీకట్లో ఉంచి, 460 నానోమీటర్ల దగ్గర వెలుగును ఎంత పీల్చుకుంటుందో స్పెక్ట్రోఫొటోమీటర్‌లో చూస్తారు. చీకట్లోనే ఎందుకు ఉంచాలో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు. మీరు ల్యాబ్ రికార్డులో రాసే బీర్-లాంబర్ట్ నియమం మీద కోట్ల రూపాయల సరుకు రేటు ఆధారపడుతోంది.

మూడోది వైద్య రంగం. పచ్చకామెర్లతో పుట్టిన పసికందును ఆస్పత్రిలో నీలి దీపం కింద పడుకోబెడతారు. సుమారు 460 నానోమీటర్ల వెలుగు చర్మంలోని బిలిరుబిన్ అణువు ఆకారాన్ని మారుస్తుంది. ఆకారం మారిన బిలిరుబిన్ నీళ్లలో కరిగి, కాలేయం మీద అంత భారం లేకుండా బయటికి పోతుంది. ఆ దీపం మందు చుక్క లేకుండా బిడ్డ ఒంట్లో రియాక్షన్ నడుపుతోంది. పళ్ల డాక్టరు నింపిన సిమెంటును నీలి వెలుగుతో గట్టిపరిచేది, ప్యాకింగ్ మీద సిరా క్షణంలో ఆరేది కూడా ఇలాంటి రియాక్షన్లతోనే. అంటే రెజిన్లు, ఇంకులు, పెయింట్ల కంపెనీలకూ ఈ చదువు కావాలి.

నాలుగోది తయారీ రంగం. జపాన్‌లోని టోరే కంపెనీ నైలాన్-6 ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌ను 1960ల నుంచి వెలుగుతో తయారుచేసింది. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను సనోఫీ కంపెనీ ఇటలీలోని గారెసియో ప్లాంటులో వెలుగు, ఆక్సిజన్‌తో తయారుచేసింది. విటమిన్ డి మాత్రల వెనుక కూడా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసిన పదార్థం మీద యూవీ వెలుగు వేసే పద్ధతి ఉంది. ఇక చిప్‌లు. సిలికాన్ మీద గీత గీసేది ఫొటోరెసిస్ట్ అనే పదార్థం. వెలుగు పడిన చోట దాని కరిగే గుణం మారుతుంది. అత్యాధునిక చిప్‌లకు వాడే వెలుగు 13.5 నానోమీటర్లు. కేంద్రం 2021 డిసెంబరులో 76 వేల కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకం ప్రకటించింది. అందులో ఇంజినీర్లకే చోటు అనుకోవద్దు. చిప్ ఫ్యాక్టరీలో సగం పని కెమిస్ట్రీదే.

పరిశోధన దారి

చదువు మీద ఇష్టం ఉంటే ఇంకో దారి ఉంది. వెలుగుతో పరిశ్రమలు నడిపే రోజు వస్తుందని ఇటలీ కెమిస్ట్ జియాకొమో చామిచాన్ 1912లోనే చెప్పాడు. బొలోన్యాలో తన సంస్థ డాబా మీద సీసాలు వరసగా ఎండలో పెట్టి ప్రయోగాలు చేసేవాడు. పొగ గొట్టాలు లేని పరిశ్రమ గురించి అప్పట్లోనే మాట్లాడాడు. డాబా, ఎండ మనకు కొరతా?

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు వేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి చూపారు. గోడకు వేసే తెల్ల సున్నంలాంటి పెయింట్లలో వాడే పదార్థమే అది. ఈ రంగంలో ప్రపంచమంతా చదివే సమీక్షా వ్యాసం ఒకటి 2000లో వచ్చింది. దాన్ని రాసిన ముగ్గురిలో ఫుజిషిమా, ట్రిక్‌తో పాటు తాతా నరసింగరావు ఒకరు. టోక్యోలో పనిచేసి, ఆ తర్వాత హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి వచ్చి, డైరెక్టరుగానూ చేశారు. ఎండ తగిలితే తనను తాను శుభ్రం చేసుకునే బట్టల మీద అక్కడ పని జరిగింది. తార్నాకలోని సీఎస్ఐఆర్-ఐఐసీటీలో రంగు అణువులతో కరెంటు పుట్టించే సోలార్ సెల్స్ మీద పరిశోధన జరుగుతోంది. ఇవన్నీ మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్నవే.

అక్కడికి చేరడానికి మెట్లు తెలిసినవే. డిగ్రీ చివరి ఏడాదిలోనే ఐఐటీ జామ్ రాయొచ్చు. పీజీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్, గేట్. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్, నిబంధనల ప్రకారం ఇంటి అద్దె భత్యం. ఈ పరీక్షల్లో ఫొటోకెమిస్ట్రీ నుంచి వచ్చే ప్రశ్నలు నిర్వచనాలు కావు. శక్తి లెక్కలు, క్వాంటం ఈల్డ్ లెక్కలు, వేడికి ఒక రకంగా, వెలుగుకు మరో రకంగా మూసుకునే ఉంగరాల ప్రశ్నలు. 1965లో వుడ్‌వర్డ్, హాఫ్‌మన్ ఇచ్చిన నియమాలు అర్థం చేసుకున్నవాడికి అవి సులభం. బట్టీ పట్టినవాడికి రెండిట్లో ఏదో ఒకటి గుడ్డిగా పెట్టడమే గతి.

‘జీతం తక్కువ కదా సార్’

ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. కొట్టిపారేయను. బీఎస్సీతో ఫార్మాలో చేరితే మొదటి జీతం తక్కువే. షిఫ్టులు ఉంటాయి. కాంట్రాక్టు ఉద్యోగాలు ఎక్కువ. ఇంటికి దూరంగా షేరింగ్ గదిలో ఉండాలి. ఆడపిల్లను నైట్ షిఫ్టుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు. ‘దీనికన్నా అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేస్తే మేలు’ అనిపించడం సహజం. అక్కడికి వెళ్లినవాళ్లలో స్థిరపడినవాళ్లూ ఉన్నారు.

నేను చెప్పేది వేరే. మొదటి జీతం ఒక్కటే చూసి దారి ఎంచుకోవద్దు. రెండేళ్ల తర్వాత మీ చేతిలో ఏ పని ఉంటుందో చూడండి. సాంపిల్స్ మోసే పనిలోనే ఉండిపోతే జీతం కూడా అక్కడే ఉండిపోతుంది. హెచ్‌పీఎల్‌సీలో కొత్త పీకు వస్తే అది వెలుగు వల్ల పుట్టిన మలినమా, వేడి వల్ల పుట్టినదా అని చెప్పగలిగితే మీ మాటకు విలువ వస్తుంది. కంపెనీ మారేటప్పుడు అడగడానికి బలం వస్తుంది. అది మూడు నెలల కోర్సులో దొరకదు. కారణం వెతికే అలవాటుతో వస్తుంది. ఆ అలవాటు డిగ్రీలో పడాలి.

కాలేజీలోనే చేయగల ప్రాజెక్టు

రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్’ అని రాసేకంటే ఒక చిన్న పని చేసి చూపండి. పెద్ద ఖర్చేం లేదు.

ఒకే మిర్చి నుంచి ఒకే మెత్తదనంలో పొడి చేయండి. మూడు గాజు పళ్లేల్లో పలచగా పరవండి. ఒకటి నేరుగా ఎండలో. రెండోది దాని పక్కనే, అదే ఎండలో, వెలుగు చొరకుండా రేకు కప్పి. మూడోది గదిలో చీకటి బీరువాలో. మొదటి రెండిట్లో చిన్న థర్మామీటర్లు పెట్టి వేడి దాదాపు సమానంగా ఉందో లేదో రోజూ రాసుకోండి. ఇదే ఈ ప్రాజెక్టుకు ప్రాణం. వేడి సమానంగా ఉంటేనే రంగులో తేడాకు కారణం వెలుగని చెప్పగలం.

రెండు రోజులకోసారి ఒక్కో పళ్లెం నుంచి ఒకే బరువు పొడి తూచి, అసిటోన్‌లో నానబెట్టి, చీకట్లో ఉంచి, వడగట్టి, కాలేజీ కలరీమీటర్‌లో 460-470 నానోమీటర్ల ఫిల్టరుతో చదవండి. రెండు మూడు వారాలు చేస్తే చాలు. రీడింగు లాగరిథమ్ తీసుకుని రోజుల మీద గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తే ఫస్ట్ ఆర్డర్ రియాక్షన్. వాలు నుంచి రేటు స్థిరాంకం వస్తుంది. రాకపోతే ఎందుకు రాలేదో రాయండి, అది ఇంకా మంచి ప్రాజెక్టు. అసిటోన్ త్వరగా అంటుకుంటుంది. మంటకు దూరంగా, కిటికీలు తీసి, అధ్యాపకుడి ముందే చేయాలి.

ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు ఏంటి’ అంటే నెట్‌లో దించుకున్న పేరు చెప్పేవాళ్లు వందమంది ఉంటారు. ‘మా పల్నాడు మిర్చి రంగు ఎండలో ఎంత వేగంగా పోతుందో కొలిచాను, వేడిని వెలుగును ఇలా విడదీశాను’ అని చెప్పే మనిషి ఒక్కడే ఉంటాడు. ఆ రేకు చుట్టిన పళ్లెం సంగతి చెప్పగానే, మందుల కంపెనీ వాళ్లకు తమ ఫొటోస్టెబిలిటీ పరీక్షే గుర్తొస్తుంది. ఎందుకంటే రెండూ ఒకటే.

కాలేజీలకు ఒక మాట

రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. కెమిస్ట్రీ మేజర్ తీసుకున్న విద్యార్థి ఆ సబ్జెక్టులోనే ఎక్కువ సమయం గడపాలి. అలాంటప్పుడు ప్రాక్టికల్స్ అంటే పాత రికార్డు చూసి రాసుకోవడమేనా? వెలుగు ప్రయోగాలకు లక్షల పరికరాలు అక్కర్లేదు. రంగురంగుల ఎల్ఈడీ దీపాలు, ఒక కలరీమీటరు, ఎండ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి కాగితానికి పూసి, ఆకు పెట్టి ఎండలో ఉంచితే నీలి బొమ్మ వస్తుంది. హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి అది. ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. ఆ పాఠాన్ని విద్యార్థి జన్మలో మరవడు. అధ్యాపకులు ఈ అధ్యాయాన్ని చివరి వారానికి తోసేయకుండా ఎండలు మొదలయ్యే నెలలోనే చెప్పాలి. విద్యార్థులు కూడా ‘ఈ ప్రయోగం చేయిద్దాం సార్’ అని అడగాలి. అడగనిదే ఏ ల్యాబూ తాళం తీయదు.

నడికుడి-శ్రీకాళహస్తి కొత్త రైలు మార్గం శావల్యాపురం మీదుగా వస్తోంది. దారి పడ్డాక జనం ఎటైనా వెళ్లొచ్చు. మన పిల్లలు ఉద్యోగం కోసం ఆ రైలెక్కితే, చేతిలో సర్టిఫికెట్‌తో పాటు తాము స్వయంగా కొలిచిన ఒక్క గ్రాఫ్ అయినా ఉండాలి. ఈ వేసవికి మీ కాలేజీలో ఎవరు మొదలుపెడతారో చూడండి. ఎవరూ లేకపోతే మీరే మొదలుపెట్టండి.